దవాఖానా అంటే ఇంగ్లీషులో హాస్పిటల్ ఒక్కటేనా?

నమస్తే అండి. మన నల్లగొండ దిక్కు జ్వరమొచ్చి గోలీలు తెచ్చుకున్నా, ఆపరేషనై పది రోజులు మంచం మీద ఉన్నా దవాఖానాకు పోయామనే అంటాం. ఇంట్లో అది చాలు. ఆఫీసుకో, అమెరికాలో ఉన్న పిల్లలకో ఇంగ్లీషులో చెప్పేటప్పుడే చిక్కు.

నాకు జరిగింది చెప్తా. నాన్నకు బీపీ చూపిద్దామని తీసుకెళ్లి, ఓపీ చిట్టీ పట్టుకుని లైన్లో కూర్చుని మేనేజర్‌కు 'ఐ యామ్ ఇన్ హాస్పిటల్' అని మెసేజ్ పెట్టాను. ఐదు నిమిషాల్లో టీమ్ అంతా ఒకటే ఫోన్లు, ఏమైంది, ఏ వార్డు అని! 'ఇన్' అంటే నేనే అడ్మిట్ అయ్యానని వాళ్లు అనుకున్నారు. తోడు పోయినా, చూడటానికి పోయినా 'ఎట్ ద హాస్పిటల్' అనాలి, 'విత్ మై ఫాదర్' అని కలిపితే ఇంకా మంచిది.

(తెర మీద: నర్సింగ్ హోమ్)

దీంతో చాలా జాగ్రత్త. మిర్యాలగూడలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఈ బోర్డు ఉంటే అది కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికా, బ్రిటన్‌లలో మాత్రం తమ పని తాము చేసుకోలేని పెద్దవాళ్లు ఉండే చోటు. అక్కడివాళ్లతో 'మా చెల్లె నర్సింగ్ హోమ్‌లో డెలివరీ అయింది' అంటే తెల్లబోతారు, మెటర్నిటీ హాస్పిటల్ అనండి.

డాక్టర్ చూసి, మందులు రాసి పంపేస్తే, రాత్రి ఉంచుకోకపోతే అది క్లినిక్. దాన్నే అమెరికాలో డాక్టర్స్ ఆఫీస్ అంటారు, బ్రిటన్‌లో సర్జరీ అంటారు, కోత ఏమీ లేకపోయినా సరే. అందుకే లండన్‌లో ఉన్న కొడుకు 'సర్జరీకి పోతున్నా' అంటే టెన్షన్ పడకుండా ముందు ఎందుకని అడగండి.

మండలంలో ఉండే పీహెచ్‌సీని ప్రైమరీ హెల్త్ సెంటర్ అనే రాయండి. మైదాన ప్రాంతాల్లో 30 వేల జనాభాకు ఒకటి ఉండాలన్నది లెక్క. హాస్పిటల్ అని రాస్తే చదివేవాళ్లు పెద్ద భవనం, స్పెషలిస్టులు ఉన్నారనుకుంటారు.

చివరగా క్యాజువాల్టీ. మనకు అది అర్ధరాత్రి పరుగెత్తే గది, కానీ అమెరికాలో ఆ మాట వింటే ప్రమాదంలో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు గుర్తొస్తారు. అక్కడే పెరిగిన మనవడికి 'తాతను క్యాజువాల్టీకి తీసుకెళ్లాం' అని పంపితే పిల్లవాడు ఎంత వణికిపోతాడో ఆలోచించండి. 'ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం, ఇప్పుడు బాగానే ఉన్నాడు' అని రెండూ ఒకే మెసేజ్‌లో పెట్టండి.