ఎవరూ పట్టించుకోని బంగారు వాచీలు: నా బల్ల మీదున్న రెండింటి రివ్యూ

నమస్కారం అండి. ముందు ఈ వాచీని పక్కనుంచి చూడండి. కెమెరా ఇంకొంచెం దగ్గరికి తెస్తాను. ఎంత పల్చగా ఉందో చూశారా? ఇది పియాజే అనే స్విస్ కంపెనీ వాచీ. లోపలున్న మిషన్ పేరు 9పీ. 1957లో వచ్చింది, మందం 2 మిల్లీమీటర్లే. రోజూ కీ ఇచ్చుకోవాలి. కేసు, అంటే మిషన్‌ని పట్టి ఉంచే బయటి డబ్బా, 18 క్యారెట్ల బంగారం, డయల్ నల్లటి ఓనిక్స్ రాయి.

ఆ రాయికీ ఈ మిషన్‌కీ సంబంధం ఉంది. రాతి పలక రేకు డయల్ కన్నా మందంగా ఉంటుంది, లేకపోతే పగిలిపోతుంది. మిషన్ ఇంత సన్నగా ఉంది కాబట్టే, రాయి పెట్టినా వాచీ లావెక్కలేదు. పియాజే 1960లలో ఆకుపచ్చటి మాలకైట్, నీలం లాపిస్ రాళ్ల డయళ్లు కూడా చేయగలిగింది ఇందువల్లే. నాకు ఈ వాచీ మీద ఇంత ప్రేమ అందుకే. దాన్ని చేసినవాళ్ల పనితనం పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది.

మరి ఇలాంటివి ఎందుకు అడుగున పడిపోయాయి? చిన్నవి, పసుపు రంగువి, నీళ్లకు ఆగవు. ఇప్పుడు అందరి చూపూ స్టీలు స్పోర్ట్స్ వాచీల మీదే. ఒక్క సంగతి చెబుతాను. ఆడెమార్ పిగే అనే స్విస్ కంపెనీ 1972లో తెచ్చిన స్టీలు స్పోర్ట్స్ వాచీ రాయల్ ఓక్ కోసం జనం ఎగబడతారు కదా, అందులో మిషన్ 2121. అది 1967 నాటి 2120కి తేదీ చేర్చి చేసింది. ఆ 2120 అదే కంపెనీ బంగారు డ్రెస్ వాచీల్లో, అంటే సూటు మీదకి పెట్టుకునే సన్నటి వాచీల్లో ఉంది. 2.45 మిల్లీమీటర్ల ఆటోమేటిక్, అంటే చేతి కదలికకి తనే కీ తిరుగుతుంది, అద్భుతమైన మిషన్. అయినా ఆ బంగారు వాచీ చాలాసార్లు స్టీలు దానికన్నా బాగా తక్కువకే దొరుకుతుంది. రోలెక్స్‌లో 1968లో మొదలైన సెల్లీనీ వాచీలను కూడా చాలాకాలం ఇలాగే పక్కన పెట్టేశారు.

ఇంకో బాధాకరమైన కారణం ఉంది. 1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకు వెళ్లింది. అప్పటికే బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చి పాతవాటిని అడిగేవాళ్లు తగ్గారు. కేసులు ఊడదీసి కరిగించేశారు. కేసు లేని మంచి మిషన్లు ఇప్పటికీ అమ్మకానికి కనిపిస్తుంటాయి. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు రెండోది. ఒమెగా కాన్‌స్టెలేషన్, పై-పాన్ డయల్, అంటే బోర్లించిన పై (pie) పళ్లెంలా ఉండే డయల్. పన్నెండు పలకలుగా అంచులు కిందికి వంగి ఉంటాయి, వెలుతురులో తిప్పుతుంటే ఒక్కో పలకా ఒక్కోలా మెరుస్తుంది. క్రోనోమీటర్ మిషన్, అంటే టైము కచ్చితంగా చూపిస్తుందని పరీక్షించి ధ్రువీకరించినది, ఇప్పటికీ టైము బాగా చూపిస్తోంది. కానీ లగ్స్ చూడండి, పట్టీని పట్టుకునే ఈ కొమ్ములు. అంచులు సబ్బుబిళ్లలా అరిగిపోయాయి. ఇది నేను కొన్న మొదటి బంగారు వాచీ. అమ్మినాయన కొత్తదానిలా ఉందన్నాడు, నేను మెరుపు చూసి మురిసిపోయాను. మెరుగు పెట్టిన ప్రతిసారీ కొంత బంగారం పోతుందని తర్వాత అర్థమైంది. గీతలున్నా పదునైన అంచులున్న కేసే మేలు.

కేసు మీద బంగారం స్వచ్ఛత చెప్పే ముద్రలు కూడా చూడాలి. 750 అంటే 18 క్యారెట్లు, 585 అంటే 14. పాత స్విస్ కేసుల్లో 18 క్యారెట్లకు హెల్వీషియా అనే స్త్రీ తల, 14కి ఉడుత ఉంటాయి. 1995 నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వేస్తున్నారు. మైక్రాన్లలో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) అంకె రాసి ఉంటే అది పూత, గట్టి బంగారం కాదు. ప్లాటినం చూడ్డానికి స్టీలులాగే ఉంటుంది గానీ చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. స్టీలుకు రెండున్నర రెట్లకు పైగా బరువు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. గ్రాముల లెక్కన కొనకండి. వాచీ మొత్తం తూకంలో మిషన్, అద్దం, పట్టీ కూడా ఉంటాయి. పైగా ఈ పియాజేలాంటి సన్నటి కేసులో బంగారం తక్కువే. కొనాల్సింది పనితనాన్ని. రెండింట్లో నా ఓటు పియాజేకే. సర్వీసింగ్‌కి మాత్రం ఇంత సన్నటి మిషన్లు విప్పిన అనుభవం ఉన్న మెకానిక్ కావాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే కొమ్ముల ఫొటో పక్కనుంచి తీసి పంపమనండి, మూత లోపలి ముద్రలవి కూడా. పంపడానికి నసిగితే ఆ వాచీని వదిలేయండి.