బట్టతల ఉంటే మగతనం ఎక్కువా?

[తెరపై: సెలూన్ కుర్చీ, ఎదురుగా పెద్ద అద్దం]

కటింగ్ అయ్యాక తల వెనక చిన్న అద్దం పట్టుకుని "సరిపోయిందా అన్నా?" అంటాడు చూడండి, నడినెత్తిన రూపాయి బిళ్లంత ఖాళీ మనకు మొదట కనిపించేది అప్పుడే. ఇక టెన్షన్ మొదలు. పక్క కుర్చీలో పెద్దాయన ఓదారుస్తాడు: "బట్టతల వస్తే డబ్బొస్తుందిలే బాబూ. మగతనం కూడా ఎక్కువే!"

డబ్బు సంగతి నాకు తెలీదు. రెండోది చూద్దాం.

[తెరపై: 1942]

పెద్దాయన మాట పూర్తిగా గాలి కబురేం కాదు. అమెరికాలో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త, ఈడు రాకముందే వృషణాలు కోల్పోయినవాళ్లను పరిశీలించాడు. వాళ్లకు బట్టతల రాలేదు. వృషణాల్లో తయారయ్యే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ని వాళ్లకు ఇచ్చి చూస్తే, ఎవరి ఇళ్లలో బట్టతల ఉందో వాళ్లకు జుట్టు ఊడటం మొదలైంది. ఇంట్లో ఆ లక్షణం లేనివాళ్లకు అదే హార్మోన్ ఇచ్చినా ఊడలేదు.

అంటే హార్మోన్ ఉండాలి, నిజమే. అది ఎక్కువైతేనే ఊడుతుందనడం మాత్రం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే.

[తెరపై: వెనక నుంచి ఒక తల. పైన నున్నగా, చుట్టూ ఒత్తుగా]

ఈ తల చూడండి. పైనా కిందా పారేది ఒకటే రక్తం, అందులో హార్మోనూ ఒకటే. మరి వెనక జుట్టు ఎందుకు ఊడలేదు? టెస్టోస్టిరాన్‌లో కొంత డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మారుతుంది. నడినెత్తి కుదుళ్లకు అది పడదు. ఊడి మొలిచిన ప్రతిసారీ వెంట్రుక ఇంకాస్త సన్నబడి, చివరికి నూగులా మిగులుతుంది. వెనక కుదుళ్లు దాన్ని పట్టించుకోవు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో వెనక జుట్టు తెచ్చి ముందు నాటేది అందుకే. చిత్రమేంటంటే, గడ్డం పెంచేది కూడా ఆ డీహెచ్‌టీయే!

[తెరపై: డొమినికన్ రిపబ్లిక్ మ్యాప్, సాలినాస్ గ్రామం]

అసలు సాక్ష్యం ఇక్కడుంది. ఈ ఊళ్లో కొందరు మగవాళ్లకు పుట్టుకతోనే డీహెచ్‌టీ సరిగా తయారవదు. టెస్టోస్టిరాన్‌కు లోటు లేదు, గొంతు బొంగురు, కండలు గట్టి. బట్టతల మాత్రం రాదు. 1974లో వీళ్ల గురించి వచ్చిన పరిశోధనే డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ మందుకు దారి చూపింది. అమెరికాలో 1997లో దాన్ని బట్టతలకు అనుమతించారు. కొందరికి దానివల్ల లైంగిక ఇబ్బందులు వస్తాయి, కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా వాడకండి.

ఇంకోటి. బట్టతల అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రావచ్చుగానీ, అందులో ముఖ్యమైన జన్యువొకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మగపిల్లాడికి అది వచ్చేది అమ్మ నుంచే.

[తెరపై: పాత పెళ్లి ఆల్బమ్‌లో అమ్మ వాళ్ల నాన్న ఫొటో, మెల్లగా నడినెత్తికి జూమ్]