చీటీ వేసినంత మాత్రాన గ్రూపులు సమానమవుతాయా?

సభకు నమస్కారం.

క్లినికల్ ట్రయల్ నివేదికల్లో మొదటి పట్టిక దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది. ఎడమ పక్క వయసు, లింగం, రక్తపోటు, వ్యాధి తీవ్రత వంటి బేస్‌లైన్ లక్షణాలు, వాటికెదురుగా రెండు గ్రూపుల అంకెలు, చాలాసార్లు చిట్టచివర పి విలువలు (కేవలం యాదృచ్ఛికంగానే ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకెలు) ఉంటాయి. చికిత్స మొదలుకాకముందు రోగులు ఎలా ఉన్నారో చెప్పే ఈ పట్టికను చదవడంలో మనకు ఒక పొరపాటు అలవాటైపోయింది: పి విలువను చూసి గ్రూపులు సమానమో కాదో తేల్చేయడం. ఇవాళ దాని గురించే మాట్లాడదలచుకున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక ట్రయల్‌లో చేరినవారిలో 20 మందికి మధుమేహం ఉందనుకోండి. ఒక్కొక్కరికీ నాణెం ఎగరేసి గ్రూపును నిర్ణయిస్తే, వారు సరిగ్గా పదేసి మందిగా విడిపోయే అవకాశం 18 శాతం లోపే. ఒక పక్క 14 మంది, మరో పక్క ఆరుగురుగా, లేదా అంతకంటే ఎగుడుదిగుడుగా విడిపోయే అవకాశం 11 శాతం పైచిలుకు, అంటే ఇంచుమించు తొమ్మిదింట ఒకసారి. ఇందులో నాణెం తప్పూ లేదు, ఎగరేసినవారి మోసమూ లేదు. యాదృచ్ఛిక కేటాయింపు మనకిచ్చే హామీ పక్షపాతం ఉండదన్నది మాత్రమే. రెండు గ్రూపులూ అచ్చుగుద్దినట్టు ఉంటాయని అది ఎన్నడూ మాట ఇవ్వలేదు. వేలమంది చేరే ట్రయల్స్‌లో ఈ తేడాలు శాతాల్లో చిన్నవైపోతాయి కాబట్టి, చిక్కంతా చిన్న ట్రయల్స్‌తోనే.

ఈ సంగతి తొలినాళ్లలోనే తెలుసు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందో లేదో తేల్చడానికి బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ జరిపి, 1948లో ప్రచురించిన ట్రయల్‌లో 107 మంది రోగులున్నారు. గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఒక్కో ఆసుపత్రికీ, అందులో మళ్లీ స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా యాదృచ్ఛిక సంఖ్యల వరుసలు తయారుచేసి, కేటాయింపును సీలు వేసిన కవర్లలో పెట్టించారు. ఆరు నెలలు గడిచేసరికి మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, కేవలం మంచం మీద విశ్రాంతి తీసుకున్న 52 మందిలో 14 మంది మరణించారు. ఇలా లక్షణాలను బట్టి రోగులను ముందే తరగతులుగా విడదీసి, ఏ తరగతికి ఆ తరగతిలో చీటీ వేయడమే స్ట్రాటిఫికేషన్.

దీనికి తోడుగా బ్లాకులు, అంటే వరుసగా చేరే రోగుల చిన్న చిన్న జట్లు, వాడతారు. నలుగురి బ్లాకులో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు వెళ్లాలి. అందుకు ఆరు వరుసలు సాధ్యం. అయితే బ్లాకు ఎంతదో తెలిసిన డాక్టరుకు, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో కూడా కనబడుతూ ఉంటే, మొదటి ముగ్గురూ వెళ్లాక నాలుగో రోగి ఎటు వెళతాడో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే బ్లాకుల పరిమాణాన్ని మారుస్తూ, ఆ వివరాన్ని ఆసుపత్రికి చెప్పకుండా ఉంచుతారు. తరగతుల విషయంలో అత్యాశ కూడా పనికిరాదు: మూడు వయోవర్గాలు, రెండు లింగాలు, మూడు తీవ్రతలు, పది ఆసుపత్రులు అంటే 180 గళ్లు. రోగులు 200 మందే అయితే చాలా బ్లాకులు సగంలోనే ఆగిపోయి, పని మళ్లీ నాణెం దగ్గరికే వస్తుంది.

చూడవలసిన లక్షణాలు ఎక్కువైనప్పుడు మినిమైజేషన్ అక్కరకొస్తుంది. దీన్ని 1974లో టేవ్స్, 1975లో పోకాక్, సైమన్ ప్రతిపాదించారు. అరవై దాటిన, వ్యాధి ముదిరిన ఒక స్త్రీ ఇప్పుడు చేరిందనుకుందాం. మొదటి గ్రూపులో ఇప్పటికే స్త్రీలు 12, అరవై దాటినవారు 9, వ్యాధి ముదిరినవారు 7, మొత్తం 28. రెండో గ్రూపులో అవే 10, 9, 6, మొత్తం 25. కాబట్టి ఆమెను రెండో గ్రూపుకు పంపితే తూకం కుదురుతుంది. అయితే ఎవరూ ముందే ఊహించకుండా, తప్పకుండా కాక, 80 శాతం అవకాశంతో పంపడం మేలు.

ఇక పి విలువల సంగతి. రెండు గ్రూపుల మధ్య తేడా యాదృచ్ఛికమేనా అని ఆ పరీక్ష అడుగుతుంది. చీటీ వేసింది మనమే కదా, మళ్లీ అడగడమెందుకు? ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 లక్షణాలను పరీక్షిస్తే, కనీసం ఒక్కదాని పి విలువైనా, తేడా గణనీయమనడానికి వాడే 0.05 గీత కంటే దిగువకు వచ్చే అవకాశం 64 శాతం. ట్రయల్ నివేదికలు ఎలా రాయాలో చెప్పే 2010 నాటి కన్సార్ట్ మార్గదర్శకాలు ఈ పరీక్షలు వద్దనే చెప్పినా, ఆ వరుస ఇంకా అచ్చవుతూనే ఉంది.

పి విలువ పెద్దదైతే నిశ్చింతగా ఉండవచ్చనుకోవడం అంతకంటే ప్రమాదకరం. ప్రైమరీ బిలియరీ సిర్రోసిస్ అనే కాలేయ వ్యాధికి అజథయోప్రిన్ అనే మందు ఇచ్చిన అంతర్జాతీయ ట్రయల్ తుది ఫలితాలు 1985లో వచ్చాయి. గ్రూపుల మధ్య బిలిరుబిన్‌లో (రక్తంలో కొలిచే పసుపు వర్ణకంలో) ఉన్న తేడా కొద్దిపాటిదే. కానీ ఆ జబ్బులో రోగి ఎంతకాలం బతుకుతాడన్నదాన్ని బిలిరుబిన్ చాలా గట్టిగా సూచిస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోనప్పుడు మందు ప్రభావం గణాంకపరంగా నిలబడలేదు, తీసుకున్నాక నిలబడింది. కాబట్టి చూడవలసింది ఆ లక్షణానికీ ఫలితానికీ ఉన్న బంధం ఎంత గట్టిదన్నది. అటువంటి లక్షణాలను ప్రోటోకాల్‌లోనే పేర్కొని, తేడా కనబడినా కనబడకపోయినా విశ్లేషణలో సర్దుబాటు చేయాలి, అంటే వాటి ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్ట్రాటిఫికేషన్‌కు వాడినవాటిని కూడా విశ్లేషణలో చేర్చాలని ఐరోపా మందుల సంస్థ 2015 మార్గదర్శకం చెబుతోంది. పట్టిక చూశాక మనకు నచ్చినవాటిని ఏరుకుంటే, సర్దుబాటే కొత్త పక్షపాతానికి దారితీస్తుంది.

బేస్‌లైన్ తేడా నన్ను నిజంగా కలవరపెట్టే సందర్భం ఒకటుంది. జబ్బు ముదిరినవారంతా ఒకే పక్కకు చేరినట్టు కనబడితే, చీటీ నిజాయితీగా వేశారా అన్న అనుమానం రావాలి. 1995లో షుల్జ్ బృందం 250 ట్రయల్స్‌ను పరిశీలించినప్పుడు, తర్వాతి రోగి ఏ గ్రూపుకు వెళతాడో ముందే తెలియకుండా కేటాయింపును సరిగా దాచని వాటిలో చికిత్స ప్రభావం, ఆడ్స్ నిష్పత్తి (రెండు గ్రూపుల్లో ఒక ఫలితం వచ్చే, రాని అవకాశాల నిష్పత్తులను పోల్చే కొలత) లెక్కన, సుమారు 41 శాతం ఎక్కువగా కనిపించింది. అటువంటి నివేదిక చేతికొస్తే నేను పట్టికను పక్కనపెట్టి, కేటాయింపు జాబితా ఎవరి దగ్గర ఉండేదో, రోగి పేరు నమోదైన తర్వాతే కవరు తెరిచారో లేదో ముందు అడుగుతాను.