ప్రవాసికి ఓటు సరే, సీటు మాటేమిటి?

అందరికీ నమస్కారం.

ఇటలీలో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. విదేశాల్లో ఉన్న ఇటాలియన్లు ఉన్నచోటి నుంచే ఓటెయ్యాలని మిర్కో త్రెమాల్యా అనే మితవాద నాయకుడు దశాబ్దాల పాటు పోరాడాడు. చివరికి రాజ్యాంగం సవరించారు, 2001లో చట్టం వచ్చింది. దిగువ సభలో 12, సెనేట్‌లో 6 సీట్లు ప్రవాసులకే కేటాయించారు. 2006లో ఆ సీట్లకు మొదటి ఎన్నిక. దేశం లోపల పోలైన ఓట్ల ప్రకారం సెనేట్‌లో త్రెమాల్యా కూటమికి ఒక్క సీటు ఎక్కువ. విదేశీ ఓట్లు లెక్కపెట్టేసరికి అంతా తారుమారైంది. ఆరింట నాలుగు ప్రత్యర్థులకు పోయాయి, రొమానో ప్రోది ప్రధాని అయ్యాడు. మొక్క నాటింది ఒకరు, కాయ కోసుకున్నది ఇంకొకరు!

ఆ ఆరుగురిలో లూయీజీ పల్లారో అని ఒక స్వతంత్రుడున్నాడు. అర్జెంటీనాలో స్థిరపడ్డ వ్యాపారి. ప్రోది ప్రభుత్వానికున్నది బొటాబొటి మెజారిటీ కాబట్టి అందరి కళ్లూ ఆయన మీదే. 2008 జనవరిలో విశ్వాస పరీక్షలో 156–161తో ప్రభుత్వం పడిపోయిన రోజు ఆయన అసలు సభకే రాలేదు. (వచ్చినా నిలిచేది కాదనుకోండి, తేడా అయిదు ఓట్లు.)

సముద్రాల అవతల ఉన్నవాళ్లు ఇక్కడి ప్రభుత్వాన్ని నిలబెట్టడం, పడగొట్టడం ఏమిటని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. చట్టం దెబ్బ ముందుగా తగిలేది దేశంలో ఉన్నవాడికి. అయితే ప్రవాసికి మాత్రమే తగిలే దెబ్బలూ కొన్నున్నాయి. పాస్‌పోర్టు రెన్యువల్, రెండు దేశాల్లోనూ పన్ను కట్టాల్సి రావడం, అక్కడ పనిచేసిన ఏళ్లు ఇక్కడి పెన్షన్‌లో కలుస్తాయా లేదా అన్న చిక్కు, పిల్లల పౌరసత్వం. వీటిని పట్టించుకునే సభ్యుడు ఎవరు?

చాలా దేశాలు ఓటు హక్కు ఇచ్చేశాయి. పేచీ అంతా ఆ ఓటు ఏ పెట్టెలో పడాలన్న దగ్గరే. అమెరికా, బ్రిటన్‌లలో వదిలివచ్చిన చోటి ఖాతాలోనే పడుతుంది. దేశం విడిచి 15 ఏళ్లు దాటితే ఓటు పోయే నిబంధనను బ్రిటన్ 2024 జనవరిలో ఎత్తేసింది కూడా. భారత్‌లో 2010 సవరణ తర్వాత పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ ఓటెయ్యాలంటే మనిషి విమానమెక్కి రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికలకు దాదాపు 1.19 లక్షల మంది నమోదైతే, వచ్చి ఓటేసింది మూడు వేల లోపే. సరే, అందరూ వచ్చి వేశారనే అనుకుందాం. వందల నియోజకవర్గాల్లో చెదిరిపోయిన ఆ ఓట్లు సముద్రంలో కాకిరెట్ట. ఏ అభ్యర్థి వాటికోసం మేనిఫెస్టోలో ఒక్క వాక్యమైనా రాస్తాడు?

అందుకే నేను విడి సీట్లవైపు ఉన్నాను. ఫ్రాన్స్ 2008లో రాజ్యాంగం మార్చి, 2012 నుంచి దిగువ సభకు విదేశాల నుంచి 11 మందిని ఎన్నుకుంటోంది. అందులో ఒక నియోజకవర్గం రష్యా నుంచి ఆసియా మీదుగా న్యూజిలాండ్ దాకా పరుచుకుని ఉంది. ఇంటింటి ప్రచారం ఎలా చేస్తారో ఆ అభ్యర్థులనే అడగాలి!

విడి సీట్లు పెట్టినంత మాత్రాన సమంగా తూచినట్టు కాదు. పోర్చుగల్‌లో 230 సీట్లలో ప్రవాసులవి నాలుగు. 2024లో ఆ నాలుగింటికీ కలిపి నమోదైన ఓటర్లు 15 లక్షల పైచిలుకు. అంటే సీటుకు నాలుగు లక్షలకు దగ్గర. దేశంలో సీటుకు సుమారు 41 వేలు. ప్రవాసుల్లో పోలింగ్ తక్కువన్నది నిజమే గాని, తూకంలో ఇంత తేడాకు అదొక్కటే సమాధానం కాదు. పైగా 2022లో యూరప్ నియోజకవర్గంలో గుర్తింపు కార్డు నకలు లేని పోస్టల్ బ్యాలెట్లు, ఉన్నవాటితో కలిసిపోయాయి. దాంతో పోలైన ఓట్లలో 80 శాతానికి పైగా చెల్లకుండా పోయాయి. రాజ్యాంగ న్యాయస్థానం మళ్లీ పోలింగ్ పెట్టమంది. ప్రభుత్వ ప్రమాణ స్వీకారం మార్చి నెలాఖరుకు పోయింది. జనవరిలో జరిగిన ఎన్నికకు!

ఆతిథ్య దేశాల సంగతీ ఉంది. తమ నేలను మరో దేశపు నియోజకవర్గంలో భాగంగా చూపడానికి 2011లో కెనడా అభ్యంతరం చెప్పింది.

నాకు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది క్రొయేషియా అనుభవం. 1995లో ప్రవాసులకు 12 సీట్లిచ్చారు. ఆ ఓట్లలో పెద్ద భాగం పక్కనున్న బోస్నియాలోని క్రొయేషియన్లవి. వాళ్లు వలస వెళ్లినవాళ్లు కారు, తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లు. ఆ ఓట్లు ఒకే పార్టీకి పడుతుండటంతో పెద్ద రగడ అయింది, 2010లో సీట్లను మూడుకు బిగించారు. కాబట్టి సీట్లెన్ని అని అడిగేముందు ఓటరెవరో తేల్చాలంటాను. ఎప్పుడైనా ఆ దేశంలో కొన్నేళ్లు బతికి ఉండాలన్న షరతు నాకు తప్పుగా తోచదు. ఇందులో మీలో కొందరు నాతో విభేదిస్తారని తెలుసు.

చివరగా ట్యునీషియా. విప్లవం తర్వాత 2011లో 217 మంది సభలో 18 సీట్లు ప్రవాసులవి. 2022 చట్టంతో సభ 161కి, ప్రవాసుల వాటా పదికి తగ్గింది. నామినేషన్ వెయ్యాలంటే 400 మంది ఓటర్ల మద్దతు సంతకాలు తేవాలన్నారు. అనేక దేశాల్లో చెల్లాచెదురుగా ఉన్న ఓటర్ల నుంచి అన్ని సంతకాలు ఎలా పోగుచేస్తారు? ఆ డిసెంబరులో ఎన్నికలు జరిగితే పదింట ఏడు సీట్లకు ఒక్కరూ నిలబడలేదు.