పోయొస్తానని చెప్పి వెళ్లండి

శ్రోతలందరికీ నమస్కారం.

మీ ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉన్నాడనుకోండి. మీరు డ్యూటీకి బయలుదేరాలి. వాడు కొంగు వదలడు. అప్పుడేం చేస్తారు? మనలో చాలామంది చేసేది ఒకటే. వాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి, వెనక వాకిలి నుంచి జారుకుంటాం.

తిరుపతి కొర్లగుంటలో మా వీధిలో ఒకమ్మ ఇలాగే వెళ్లేది. ఆసుపత్రి ల్యాబులో పని, మధ్యాహ్నం షిఫ్టు. ఇంట్లో అవ్వ ఉంది కానీ మోకాళ్ల నొప్పులు, బిడ్డ వెంట పరుగెత్తలేదు. సాయంత్రం వాళ్లాయన వచ్చేవరకు బిడ్డను చూసుకోవడానికి ఎవరైనా కావాలన్నారు. పుంగనూరు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి వచ్చింది. పసిపిల్లల చదువు, పెంపకం గురించే డిగ్రీ చేస్తోంది. మధ్యాహ్నానికి క్లాసులు అయిపోతాయి. ఫీజుకు చేతిలో నాలుగు డబ్బులు కావాలి.

అవ్వ ఊరుకుంటుందా? "ఏం పాపా, కాలేజీలో చదివేదానివి, బిడ్డ ఉచ్చగుడ్డలు మారుస్తావా?" అని అడిగేసింది. "మారుస్తానవ్వా, మా అక్క బిడ్డకు మార్చింది నేనే కదా" అంది ఆ పిల్ల.

పనిలో చేరిన మొదటి రోజే బిడ్డ తల్లితో ఒక మాట చెప్పింది. "అక్కా, దొంగచాటుగా వెళ్లొద్దు. వాడికి చెప్పి వెళ్లండి. ఎన్నింటికి వస్తారో చెబితే వాడికి తెలీదు. రాత్రి బువ్వ తినే టైముకు అమ్మ వచ్చేస్తుంది అని చెప్పండి. చెప్పాక మళ్లీ వెనక్కి రావొద్దు."

తల్లికి టెన్షన్. అయినా అలాగే చేసింది. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. "బిడ్డను ఊరికే ఏడిపిస్తున్నారే" అని అవ్వ గొణిగింది. ఆ అమ్మాయి ఫోను చేతికివ్వలేదు, బూచాడని బెదిరించలేదు. వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, "అమ్మ పోయిందని ఏడుపొస్తోంది కదా. వస్తుంది. బువ్వ టైముకు వస్తుంది" అంటూ అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. ఏడుపు తగ్గాక రెండు స్టీలు గ్లాసులు, గిన్నెడు నీళ్లు ముందు పెట్టింది. వాడు ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి పోసుకుంటూ కూర్చున్నాడు. బండలంతా తడే. తర్వాత తనే తుడిచింది.

చెప్పకుండా మాయమయ్యే తల్లి ఎప్పుడు మాయమవుతుందోనని బిడ్డ కాచుకునే ఉంటాడు. ఆటలో మనసు పెట్టడు. చెప్పి వెళ్లి, చెప్పిన టైముకు వచ్చే తల్లిని నమ్ముతాడు. ఏడుస్తాడు, కానీ నమ్ముతాడు. కొన్నాళ్లకు ఏమైందో తెలుసా? వాళ్లమ్మ బయలుదేరుతుంటే వాడే చెప్పులు ఒక్కొక్కటిగా మోసుకొచ్చి వాకిట్లో పెట్టడం మొదలుపెట్టాడు. నేను కళ్లారా చూశాను.

అవ్వ చెనక్కాయ గింజలు గుప్పెడు ఇవ్వబోతే, "నాలుగేళ్లు నిండేదాకా గింజలు అట్లే ఇవ్వొద్దవ్వా, గొంతులో పడతాయి, మెత్తగా పొడి చేసి పెడదాం" అని ఆపింది కూడా ఆ పిల్లే. చెనక్కాయలు పండే జిల్లాలో మనకు ఈ సంగతి ఎంతమందికి పట్టింది?

చట్టం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకు ప్రసూతి సెలవు 26 వారాలు. అంటే ఆర్నెల్లు. అంగన్‌వాడీలో బడి ముందు చదువు మూడేళ్లు నిండినవాళ్లకే. మరి ఈ మధ్య రెండున్నరేళ్లు? మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానమే చెబుతోంది. ఆ వయసు బిడ్డను ఎవరి చేతుల్లో పెడుతున్నామన్నది చిన్న విషయమా?

"డిగ్రీ చదివించింది ఆయా పనికా?" అని బాధపడే అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్ల పుస్తకంలో చదివింది ఒక బిడ్డ దగ్గర రోజూ చేసి నేర్చుకుంటోంది. ఇందులో తలవంపులేమీ లేవని నా గట్టి నమ్మకం.

ఇక అమ్మాయిలకు, ఇంటివాళ్లకు ఇద్దరికీ ఒకటే చెబుతాను. పని మాట్లాడుకోగానే బిడ్డను అప్పగించేయకండి. తల్లి ఇంట్లో ఉండగా కొన్ని పూటలు ఆ అమ్మాయిని రమ్మనండి. బిడ్డకు అలవాటవుతుంది, మీకూ తెలుస్తుంది. ఆ పూటలకు కూడా జీతం లెక్కకట్టి ఇవ్వండి. తర్వాత ఒక కాగితం తీసుకుని రాసుకోండి. ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు? బిడ్డకు ఏ తిండి పడదు? జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోను చేయాలి? అంట్లు, ఇల్లు ఊడవడం ఇందులో ఉన్నాయా, లేవా? లేకపోతే లేవని రాయండి. అమ్మాయీ, నీ పరీక్షల తేదీలు కూడా అందులోనే రాయి, ఆ రోజులకు వాళ్లు వేరే ఏర్పాటు చేసుకుంటారు. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో కూడా రాయి. షిఫ్టు ఆలస్యమైన రాత్రి నిన్ను గేటు దాకా ఎవరు దింపుతారో ఆ ఇంటివాళ్ల చేతే రాయించుకో.