వికటకవిని కాదన్న ప్రోగ్రామ్

(కాలేజీ తెలుగు భాషా దినోత్సవ సభలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ప్రసంగం)

వేదిక మీదున్న గురువులకు, సీనియర్లకు, జూనియర్లకు నమస్కారం.

ఈ రోజు ఆగస్టు 29, గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. తెలుగు గొప్పదనం గురించి పెద్దలు చెప్తారు. నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ల్యాబ్‌లో జరిగిన ఒక సంగతి చెప్తాను.

ఫస్టియర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్‌లో అందరూ రాసే ప్రోగ్రామ్ ఒకటుంది. ఒక పదం ఇస్తే, అది ఎటునుంచి చదివినా ఒకేలా ఉందో లేదో చెప్పాలి. అందరం ఇంగ్లిష్ మాటలు ఇచ్చి చూశాం. అవుట్‌పుట్ వచ్చింది, రికార్డుల్లో సంతకాలు కూడా అయిపోయాయి. ఇంకా పది నిమిషాలు టైముంది. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న మాట గుర్తొచ్చి, ‘వికటకవి’ అని తెలుగులో టైప్ చేశాను. కాదు అని వచ్చింది.

నేనే తప్పు కొట్టానేమోనని పక్కనున్న ఫ్రెండ్‌తో టైప్ చేయించాను. మళ్లీ అదే జవాబు. ‘పులుపు’ ఇచ్చాం, కాదంది. ‘జలజ’ ఇచ్చాం, అవునంది! ‘నటన’కీ అవునే. గుడులూ కొమ్ములూ ఉన్న మాటల దగ్గరే తేడా వస్తోంది. అప్పుడు తిరగేసిన పదాన్నే స్క్రీన్ మీద ప్రింట్ చేయించాం. మొట్టమొదట ఒక గుడి, కింద ఏ అక్షరమూ లేకుండా ఒంటరిగా ఉంది. దాని పక్కన ‘వకటకివ’. చివరి ‘వి’ గుడి ముందుకొచ్చేసింది, మొదటి ‘వి’ గుడి వెళ్లి ‘క’ మీద కూర్చుంది.

కారణం ఇది. మనకి ‘వి’ ఒక అక్షరం. కంప్యూటర్లు అన్ని భాషల రాతకీ వాడే యూనికోడ్ అనే ప్రమాణంలో అది రెండు గుర్తులు: వ ఒకటి, గుడి ఒకటి. అందుకే వికటకవి మనకి ఐదు అక్షరాలైతే పైథాన్‌కి ఏడు. ‘తెలుగు’ అన్న మాట పొడవెంత అని అడిగితే మా అమ్మ మూడు అంటుంది, పైథాన్ ఆరు అంటుంది. సీ భాషలో అడిగితే 18 వస్తుంది, ఎందుకంటే ఆ గుర్తుల్ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. ఎవరి లెక్క వారికి సరైనదే. అక్షరం అంటే ఏమిటో మేమే ఆలోచించలేదు. ఆ పది నిమిషాలు మిగలకపోతే మాకు తెలిసేదే కాదు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి ఇలాంటిదే జరిగింది. కంటికి కనిపించని ఒక గుర్తు కలిసిన ‘జ్ఞా’ మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ క్రాష్ అయ్యేది. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్‌తో సరిచేశారు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు. మన అక్షరాలతో టెస్ట్ చేసేవాళ్లు దగ్గర్లో లేకపోతే ఎవరికైనా ఇంతే.

మనం తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టడానికి మొదట్లో ఒక కారణం ఉండేది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పట్టేవి, తెలుగు గుర్తులు 70 మాత్రమే. ఇప్పటి చాటింగ్ యాప్‌లలో ఆ ఇబ్బంది లేదు, అలవాటు మాత్రం ఉండిపోయింది. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది, తెలుగు పేపరు మొత్తం చదువుతుంది. హాస్టల్ నుంచి నేను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టిన మెసేజ్‌లు మాత్రం పక్కింటి అక్క దగ్గరికి తీసుకెళ్లి చదివించుకునేది. ఫీజుకి ఎంత తక్కువపడిందో నేను రాసింది కూడా అలాగే చదివించుకుంది. అది నాకు సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు తెలిసింది. ఆ రాత్రే ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకున్నాను.

గిడుగు గారు సవరలు అనే గిరిజనుల మధ్యకి వెళ్లి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అది ఆయన ఇంట్లో మాట్లాడే భాష కాదు. మనం చేయాల్సింది మన ఇంటి భాషకే.

మా హెచ్‌ఓడీ సార్‌కి ఒక మనవి. ల్యాబ్ మాన్యువల్‌లో ఆ ప్రోగ్రామ్ కింద ఒక్క లైను చేర్చండి: ‘వికటకవి ఇచ్చి చూడండి’ అని. పరిష్కారం కష్టమేమీ కాదు. పైథాన్‌లో రెజెక్స్ అనే మాడ్యూల్, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, వేసుకుంటే గుడినీ కొమ్మునీ దాని అక్షరంతోనే కలిపి లెక్కపెడుతుంది. ఒత్తులున్న ‘స్త్రీ’ లాంటివాటిని ఒకే అక్షరంగా చూసే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. మనం వాడే మాడ్యూల్‌కి ఆ నియమం అందిందో లేదో టెస్ట్ చేసి తెలుసుకోవాలి. ఫైనలియర్ అన్నయ్యలూ అక్కలూ, మీరు చేస్తున్న అటెండెన్స్ యాప్‌లో, మెస్ యాప్‌లో ఒక్కసారి తెలుగు పేరు కొట్టి వెతికి చూడండి.

సెమినార్ హాలు వెనక మూలలో నా ల్యాప్‌టాప్ పెట్టాను, తెలుగు కీబోర్డు సిద్ధంగా ఉంది. సభ అయ్యాక వచ్చి మీ పేరు కొట్టండి. మీరు ఎన్ని అక్షరాలు అనుకున్నారో, అది ఎన్ని అంటుందో పక్కనున్న నోట్‌బుక్‌లో రాయండి. రెండూ కలవని పేర్లతోనే వచ్చే వారం ల్యాబ్ మొదలుపెడతాం.