గారించా: కాళ్ళ కథ పెద్దదా, ఆట పెద్దదా?

[విజువల్: టంగుటూరు దగ్గర మా పెద్దనాన్న వాళ్ళ పశువుల కొట్టం. తెల్ల గిత్త నెమరేస్తూ ఉంటుంది. కెమెరా మెల్లగా దాని కాళ్ళ మీదకి దిగుతుంది.]

ఒంగోలు గిత్తను కొనడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోటి చూస్తారు. ఒకరు మూపురం, ఒకరు సుడులు, ఒకరు గంగడోలు. మా పెద్దనాన్న మాత్రం ముందు కాళ్ళే చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. అడుగు తేడాగా పడిందంటే ఇక బేరం లేదు, కండువా దులుపుకుని లేచిపోతాడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయనకు ఫోన్‌లో ఒక పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో చూపించాను.

[విజువల్: ఫోన్ స్క్రీన్. గారించా నిలబడి ఉన్న ఫొటో, మోకాళ్ళ దగ్గర ఆపాలి.]

కళ్ళజోడు పైకి జరిపి చూశాడు. "ఎవర్రా ఇతను? ఈ కాళ్ళేంది ఇట్టా ఉండాయి? ఒకటి అటు పోతంది, రెండోది కూడా అటే పోతంది!"

"ఫుట్‌బాల్ ఆడేవాడు పెద్దనాన్నా. బ్రెజిల్. రెండు వరల్డ్ కప్‌లు గెలిచాడు."

నన్ను ఒకసారి, ఫొటోను ఒకసారి చూశాడు. "సంతకి తోలుకొస్తే పలుపు పట్టుకునేవాడు కూడా ఉండడు" అన్నాడు.

ఆ ఫొటోలో ఉన్నది మాన్యుయెల్ ఫ్రాన్సిస్కో డోస్ సాంటోస్. అందరికీ తెలిసిన పేరు గారించా. అదొక చిన్న పిట్ట పేరు. 1933లో రియో దగ్గర పావ్ గ్రాండే అనే ఊళ్ళో పుట్టాడు. బట్టల మిల్లు చుట్టూ పెరిగిన ఊరు, తనూ ఆ మిల్లులో పని చేశాడు. కుడికాలు లోపలికి వంగి, ఎడమకాలు బయటికి వంగి, పైగా ఒకటి రెండోదానికంటే పొట్టి.

బ్రెజిల్ అనగానే మనవాళ్ళు ఒకటి గుర్తు చేసుకోవాలి. అక్కడి పశువుల్లో ఎక్కువ భాగాన్ని 'నెలోర్' జాతి అంటారు. అవి మన ఒంగోలు పశువుల సంతతే. గిత్త మనది, పేరు పక్క జిల్లా నెల్లూరుది! ఈ తగువు మన రెండు జిల్లాల మధ్య ఇప్పట్లో తేలేది కాదు కానీ, ఇవాళ్టి వీడియో దాని గురించి కాదు.

ఇవాళ్టి ప్రశ్న ఇది: గారించా ఓవర్‌రేటెడా, అండర్‌రేటెడా? కామెంట్లలో చాలామంది అడిగారు. నా మాట ముందే చెప్పేస్తాను. గారించా కథ ఓవర్‌రేటెడ్. గారించా ఆట అండర్‌రేటెడ్. ఆ కథే ఆటను మింగేసింది.

[విజువల్: ఒంగోలు, పొద్దున ఆరున్నర. ఖాళీ గ్రౌండ్. నేను, మా బావ, మధ్యలో బంతి.]

ముందు ఆట చూద్దాం. ఆయన దగ్గర ప్రధానంగా ఉన్నది ఒకటే ట్రిక్. రైట్ వింగ్‌లో, అంటే గ్రౌండ్ కుడి అంచున, బంతి ఆపుతాడు. పూర్తిగా ఆగిపోతాడు. ఒంటిని ఎడమవైపు వంచుతాడు, బంతిని మాత్రం ముట్టడు. డిఫెండర్ కదులుతాడు. అంతే, కుడివైపు నుంచి దూసుకుపోతాడు. ప్రతిసారీ కుడివైపే. స్టేడియంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, డిఫెండర్‌కి ఇంకా బాగా తెలుసు. అయినా ఆపలేరు.

ఎందుకు ఆపలేరు? దీనికి ఫుట్‌బాల్ కోచ్ అక్కర్లేదు, మా బావ చాలు. తిరునాళ్ళ కబడ్డీ పోటీల్లో కార్నర్ ఆడతాడు. కూతకొచ్చినవాడి చీలమండ దొరికిందంటే వదలడు.

"బావా, నేను నీ ఎడమ పక్క నుంచే పోతా. ముందే చెప్తున్నా."

"పో బావా, ఎవరొద్దన్నారు."

[విజువల్: మూడు ప్రయత్నాలు, కట్ లేకుండా. మూడుసార్లూ బంతి బావ కాలికే. మూడోసారి నేను కింద పడతాను. తీసేయొద్దు, ఉంచండి.]

సరే, నవ్వింది చాలు. నాతో అయితే ముందే తెలిస్తే చాలు, ఆపేయొచ్చు. గారించాతో తెలిసినా లాభం లేదు, తేడా అక్కడే ఉంది. దాన్ని బావే బాగా చెప్పాడు: "కూతకొచ్చినోడు ఊగేది ముట్టుకోడానికి కాదు బావా. మనం ఒక అడుగు ముందుకేయాలని. ముందు కదిలినోడు పోయినట్టే."

[విజువల్: బావ పాదాల క్లోజప్, స్లో మోషన్. బరువు ఎడమకాలి నుంచి కుడికాలికి మారుతుంది.]

ఈ కాలు చూడండి. అడుగు పడగానే ఒంటి బరువంతా దాని మీదే ఉంది. మళ్ళీ దాన్ని లేపాలంటే బరువు ముందు రెండో కాలికి మారాలి. రెప్పపాటు పని. గారించా బతికింది ఆ రెప్పపాటులోనే. డిఫెండర్ బరువు తప్పు కాలి మీద పడేదాకా ఊగుతూ నిలబడతాడు. పడిందా, వెళ్ళిపోతాడు. ఒక్కోసారి బంతిని ఉన్నచోటే వదిలేసి ఒంటరిగా పరిగెత్తేవాడు. డిఫెండర్ వెంట పరిగెత్తేవాడు, బంతి మాత్రం వెనకే ఉండేది! మళ్ళీ వచ్చి తీసుకునేవాడు. 1958లో మెక్సికోలో గారించా క్లబ్ బొటాఫోగోకీ, అర్జెంటీనా క్లబ్ రివర్ ప్లేట్‌కీ మ్యాచ్. రివర్ ప్లేట్ డిఫెండర్ వైరోను గారించా దాటిన ప్రతిసారీ జనం, మనిషి ఎద్దుతో తలపడే పోటీల్లో అరిచినట్టు, 'ఓలే' అని అరిచారట. ఫుట్‌బాల్ గ్రౌండుకు ఆ అరుపు అక్కడి నుంచే వచ్చిందంటారు. మన బండలాగుడు పోటీల్లో ఈలలు గుర్తొస్తున్నాయి కదా?

ఇది సరదా కోసం చేసిన గారడీ అనుకుంటే పొరపాటు. 1958 వరల్డ్ కప్ ఫైనల్ చూడండి. స్వీడన్ ముందు గోల్ కొట్టింది. గారించా కుడివైపు నుంచి దాటి, గోల్ ముందుకి కిందుగా క్రాస్ వేశాడు, తోటి ఆటగాడు వావా గోల్ కొట్టాడు. కాసేపటికి అదే దారి, అదే క్రాస్, మళ్ళీ వావా. ఒకే గోల్‌ను రీప్లే వేశారేమో అనిపిస్తుంది. 5-2తో గెలిచారు. గుర్తుండిపోయింది మాత్రం 17 ఏళ్ళ పీలే. తప్పులేదు, ఆ పిల్లాడు ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు.

ఇక 1962, చిలీ. నా దృష్టిలో ఈ వీడియోకి గుండెకాయ ఇదే.

[విజువల్: 1962 టోర్నమెంట్ పట్టిక. బ్రెజిల్ మ్యాచ్‌లు ఒక్కొక్కటీ వెలుగుతాయి.]

రెండో మ్యాచ్‌లోనే పీలేకు గాయం, టోర్నమెంట్ మొత్తానికీ దూరం. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు కాబట్టి ఆ మ్యాచ్ అయ్యేదాకా కుంటుతూ నిలబడ్డాడు. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద 3-1. గారించావి రెండు గోల్స్, మూడోది ఆయన ఫ్రీ కిక్ కీపర్‌కి తగిలి వెనక్కి వస్తే వావా కొట్టింది. సెమీఫైనల్లో సొంతగడ్డ మీద ఆడుతున్న చిలీ మీద 4-2. అందులోనూ గారించావి రెండు. చివర్లో ఎదుటివాణ్ణి తన్ని రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు... కాదు, కార్డులు 1970లో వచ్చాయి. రిఫరీ చెయ్యి చూపించి బయటికి పంపాడు. అయినా ఫైనల్ ఆడనిచ్చారు. ఎలా ఆడనిచ్చారన్నది వేరే వీడియో అంత కథ. ఫైనల్ నాటికి ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. చెకోస్లొవేకియా మీద 3-1, కప్పు మళ్ళీ బ్రెజిల్‌కే.

ఆ నాలుగు గోల్స్ విడివిడిగా చూడండి. ఇంగ్లండ్ మీద ఒకటి కార్నర్ కిక్ నుంచి తలతో, ఒకటి దూరం నుంచి వంపు తిప్పి కొట్టింది. చిలీ మీద ఒకటి ఎడమకాలితో దూరం నుంచి, ఒకటి మళ్ళీ తలతో. మనిషి ఎత్తు ఐదున్నర అడుగులు! వంకర కాళ్ళ వల్లే ఆ ఆట వచ్చిందనేవాళ్ళు ఈ హెడర్లకు ఏం చెబుతారు? తల కూడా వంకరా?

నాకు చిరాకు తెప్పించేది ఈ వంకర కాళ్ళ కథే. వంకర కాళ్ళు, తాగుడు, చిన్నపిల్లాడి మనసు, ఎదుటి టీమ్ పేరు కూడా తెలియని అమాయకుడు. వినడానికి బాగుంటుంది. కానీ వింటూ వింటూ ఆయనకు ఆట దానంతట అదే వచ్చిందనుకుంటాం. డిఫెండర్ బరువు ఏ క్షణంలో ఏ కాలి మీద ఉందో చదవడం అమాయకుడు చేసే పనా? మా బావను అడిగితే చెబుతాడు, అది నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో.

ఓవర్‌రేటెడ్ అనేవాళ్ళ వాదన కూడా ఉత్తదేం కాదు. బ్రెజిల్ తరఫున కొట్టింది 12 గోల్సే. 1962 తర్వాత మోకాళ్ళు దెబ్బతిన్నాయి, తాగుడు తోడైంది. 1966 వరల్డ్ కప్‌లో ఆడింది పాత గారించా కాదు. మంచి రోజులు పదేళ్ళు కూడా లేవు. 'ఒక్కడే మోశాడు' అనడం కూడా తప్పే. పక్కన డీడీ, జగాలో, నిల్టన్ సాంటోస్, పీలే స్థానంలో వచ్చిన అమరిల్డో ఉన్నారు.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా లెక్క నాకు ఆయనవైపే మొగ్గుతోంది. గారించా, పీలే కలిసి ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు. గారించా దేశం కోసం ఆడి ఓడింది ఒక్కసారే, 1966లో హంగరీ మీద, అదే ఆయన చివరి మ్యాచ్. ఒంటి చేత్తో వరల్డ్ కప్ అనగానే అందరూ 1986 మారడోనా అంటారు. 1962 అనేవాళ్ళు తక్కువ. కారణం ఆట కాదు, టీవీ. 1962 ఫైనల్ జూన్ 17న అయింది. అట్లాంటిక్ మీదుగా టీవీ బొమ్మలు చేరవేసిన టెల్‌స్టార్ ఉపగ్రహం పైకి వెళ్ళింది జూలై 10న! అందుకే యూరప్ వాళ్ళు ఆ టోర్నమెంట్‌ను విమానంలో వచ్చిన ఫిల్మ్ రీళ్ళలో, ఆలస్యంగా చూశారు. పీలేకు 1970 కలర్‌లో దొరికింది. గారించాకు ఫొటో మిగిలింది, అందులో కాళ్ళు మిగిలాయి.

1983 జనవరిలో, 49 ఏళ్ళకే పోయాడు. తాగుడు తీసుకెళ్ళింది. ఆ భాగాన్ని సాగదీయను, దాన్నే చూపించే వీడియోలు వంద ఉన్నాయి.

[విజువల్: మళ్ళీ కొట్టం. సాయంత్రం. పెద్దనాన్న చేతిలో ఫోన్, 1962 ఇంగ్లండ్ మ్యాచ్ క్లిప్ నడుస్తోంది.]

ఆ సాయంత్రం ఇంగ్లండ్ మ్యాచ్ కూడా చూపించాను. రెండో గోల్ దగ్గర పెద్దనాన్న ఏమన్నా అంటాడేమోనని చూశాను. ఏమీ అనలేదు. మధ్యలో గ్రౌండ్‌లోకి ఒక కుక్క దూరుతుంది. గారించా పట్టుకోబోతే తప్పించుకుపోతుంది. చివరికి ఇంగ్లండ్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ మోకాళ్ళ మీద పాకి పట్టుకుంటాడు.

"వెనక్కి తిప్పరా" అన్నాడు.

గోల్ అనుకుని అక్కడికి తిప్పాను. "అది కాదురా, కుక్క. ఆయన్నే దాటేసిందే!"

మూడుసార్లు చూశాడు. ఫోన్ తిరిగిచ్చేటప్పుడు అడిగాడు: "తర్వాత ఏమైందిరా అది?"

గారించా దాన్ని బ్రెజిల్ తీసుకెళ్ళి పెంచుకున్నాడని చెబుతారు.